చీమ లేని పేజీ

నేను పరిశోధన చేస్తున్నది బద్ధకం మీద. నా బద్ధకం మీద కాదు, చీమల బద్ధకం మీద. రెండింటికీ తేడా ఏమిటని మా బావ ఐదేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు.

చీమని చూసి కష్టపడటం నేర్చుకోమని చిన్నప్పుడు మనకి నీతులు చెప్పినవాళ్లెవరూ ఒక్కసారైనా పుట్టలోకి తొంగి చూసి ఉండరు. నా గాజు పెట్టెల్లో కొన్ని చీమలు నడుం విరిగేలా పని చేస్తుంటే, దాదాపు అన్నే చీమలు మూలల్లో ఊరికే కూర్చుని ఉంటాయి. అవి జబ్బువీ కావు, ముసలివీ కావు. ఊరికే ఉంటాయంతే. అలాంటివాటిని పుట్ట ఎందుకు పోషిస్తుంది? ఇదీ నా ప్రశ్న. గుర్తుపట్టడానికి ఒక్కోదాని వీపు మీద సన్న కుంచెతో రంగు చుక్క పెట్టి, భూతద్దం ముందు కూర్చుని, ఏది ఎంతసేపు ఏమీ చేయలేదో రాసుకుంటూ ఉంటాను.

"అంటే ఏ పనీ చేయని చీమల్ని ఏ పనీ చేయకుండా చూస్తుంటావు" అన్నాడు బావ, మొదటిసారి విన్నప్పుడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఇన్నేళ్లలో నా పరిశోధనని అంతకంటే క్లుప్తంగా నేను కూడా చెప్పలేకపోయాను.

బావ లిఫ్ట్ మెకానిక్. అక్క కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. నేను వాళ్లింట్లో వెనక గదిలో ఉంటాను. ఆ గదికి కిటికీ ఉంది, ఫ్యాను ఉంది, "ఇంకెన్నాళ్లు?" అనే ప్రశ్న కూడా ఉంది. దాన్ని ఎవరూ పైకి అనరు. అక్క అనదు కాబట్టే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. బావ మాత్రం తన వృత్తి భాషలో సూటిగానే అంటాడు: "డాక్టరమ్మా, రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నావు. పైకో కిందకో లాగాలి నిన్ను."

బావకి ప్రపంచంలో ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉంటుంది. చీమల మీద మరీ ఎక్కువ. అప్పుడు నేను అనే మాట ఒకటుంది, ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది. "గుమ్మంలో నిలబడి కూరలో ఉప్పు చెప్పకు బావా."

స్కాలర్‌షిప్ ఐదేళ్లకే ఇస్తారు. నాకు ఆ ఐదేళ్లూ అయిపోయాయి. ఇక మిగిలింది తుది ఏడాది ఫెలోషిప్. యూనివర్సిటీ మొత్తానికీ రెండే రెండు. అది వస్తే ఆఖరి ప్రయోగం చేస్తాను: పనిచేసే చీమల్ని పూర్తిగా తీసేసి, ఊరికే కూర్చునేవి ఏం చేస్తాయో నెలల తరబడి చూడటం. అది లేకపోతే సిద్ధాంత గ్రంథం లేదు. ఫెలోషిప్ రాకపోతే ల్యాబులో నా బల్ల, నా పెట్టెలు కొత్తగా వచ్చే విద్యార్థికి వెళ్తాయి. చీమల్ని ఖాళీ చేసి పెట్టెలు కడిగేస్తారు. నేను బావ స్నేహితుడి ట్యుటోరియల్‌లో జీవశాస్త్రం చెప్పడానికి వెళ్తాను. ఆయన నా కోసం కుర్చీ కూడా వేయించి పెట్టాడట. ఆ కుర్చీ నాకు కలలోకి వచ్చేది.

ఈ ఫెలోషిప్‌కి మా యూనివర్సిటీ ఒక పద్ధతి పెట్టింది. దరఖాస్తు పెట్టినవాళ్లే ఒకరివి ఒకరు చదివి మార్కులు వేయాలి. ఒక్కొక్కరికి మూడు దరఖాస్తులు వస్తాయి. ప్రొఫెసర్లకి తీరిక లేక ఇలా చేశారని మా నమ్మకం. సమానత్వం కోసమని వాళ్ల వాదన. పేరు ఉండకూడదు, గైడు పేరు ఉండకూడదు, ఎవరో ఆనవాలు పట్టే ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. అంతా ఒక్క పేజీ.

ఆ పేజీ నేను రాశాను. రాశాను అంటే, అంతకు ముందు రాని అవార్డులన్నిటికీ పెట్టిన దరఖాస్తుల్లోంచి ఒక్కో పేరా ఏరుకొచ్చి అతికించాను. దరఖాస్తు భాష అని ఒకటుంటుంది. అందులో ఎవరూ పని చేయరు, కృషి సల్పుతారు. ఎవరూ చూడరు, పరిశీలనాత్మక దృక్పథంతో విశ్లేషిస్తారు. ఐదేళ్లలో చీమల సంగతి ఎంత తెలిసిందో గానీ ఈ భాష మాత్రం నాకు నీళ్లు తాగినంత సులువుగా వచ్చేసింది.

మా గైడు, మేమంతా మేడమ్ అంటాం, ఆ పేజీ తెప్పించుకున్నారు. గడువు చివరి సాయంత్రం నాకు పంపారు. "చిన్న మార్పులు చేశాను. ఒకసారి చూసుకో. బాగుందంటే నా లాగిన్ నుంచే పెట్టేస్తాను."

ఇక్కడ పరిశోధక విద్యార్థి జాతి మొత్తం చేసే పనే నేనూ చేశాను. ఫైలు తెరవకుండా "చాలా బాగుంది మేడమ్, ధన్యవాదాలు" అని జవాబిచ్చి, చీమలకి పంచదార నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాను.

తర్వాత వారం నాకు మూడు దరఖాస్తులు వచ్చాయి. మొదటిది సముద్రపు ఉప్పు గురించి, పర్వాలేదు. రెండోది పాత వంతెనల పగుళ్ల గురించి, నిజంగా బాగుంది, మనసారా తొమ్మిది వేశాను. అసూయ పడ్డాను కూడా, కానీ వేశాను. మూడోది తెరిచాను.

"ఏ సంస్థలోనైనా నిష్క్రియ సభ్యుల అంతర్గత సామర్థ్యమే సమష్టి సుస్థిరతకు మూలాధారం. అధిపతి సమీపంలో నిశ్చలంగా ఉండే ఈ సభ్యులు, తగిన తరుణంలో భావి తరపు బాధ్యతలను తమ భుజస్కంధాలపై మోయగలరు."

నాకు వెంటనే టై గుర్తొచ్చాడు. టై అంటే మేనేజ్‌మెంట్ విభాగంలో ఒకడున్నాడు, ఎండైనా వానైనా టై కట్టుకునే తిరుగుతాడు. కిందటేడు నా చీమల ఉపన్యాసానికి ముందు వరసలో కూర్చుని తలూపుతూ ఏదో రాసుకున్నాడు. ఇదా రాసుకున్నది! నా చీమల్ని ఆఫీసుల్లో పనిలేక కూర్చునే మనుషులుగా మార్చి, అధిపతి పక్కన నిలబెట్టాడన్నమాట. నా పుట్టలో వేలు పెట్టడానికి వీడెవడు?

కోపంలో ఉన్నప్పుడు నేను చాలా న్యాయంగా ఉంటానని నాకొక నమ్మకం. పదికి నాలుగు వేశాను. అభిప్రాయం అన్న చోట కసితీరా రాశాను. పంపేశాక మనసు తేలికపడి, ఆ రోజు బావకి టీ కూడా నేనే పెట్టిచ్చాను.

ఫలితాలు వచ్చినప్పుడు ఇంట్లోనే ఉన్నాను. అక్క బట్టలు మడతపెడుతోంది. బావ ఏదో మోటారు విప్పి నేల నిండా పరిచాడు. ఫోన్‌లో చూశాను. రెండు ఫెలోషిప్‌లు, మూడో స్థానంలో నేను. వెంట్రుకవాసిలో పోయింది. కింద నాకు మార్కులు వేసిన ముగ్గురి అంకెలు: తొమ్మిది, తొమ్మిది, నాలుగు.

ఆ నాలుగు దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. దాని పక్కన ఏం రాశారో చదివే ఓపిక లేక ఫోన్ మంచం మీదకి విసిరేశాను.

"ఎవడే వాడు? వాడి చేతులు పడిపోను! ఇద్దరు తొమ్మిది వేస్తే వీడొక్కడికే కనిపించిందా లోపం? చీమని చూశాడా ఎప్పుడైనా? కుళ్లుబోతు వెధవ!"

"ఆడపిల్లయి ఉండొచ్చుగా" అంది అక్క.

"ఆడపిల్లయితే మరీ సిగ్గుచేటు. సాటిదాని నోటి దగ్గరిది లాగేసింది. అక్కా, నా పెట్టెలు కడిగేస్తారే. నా పచ్చచుక్క చీమని బయట పారేస్తారు." ఏడుపు వస్తుంటే దాన్ని తిట్టుగా మార్చుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంకో నాలుగు తిట్టాను.

బావ చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. అద్దాలు సర్దుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

"'పెద్ద పెద్ద మాటలతో పేజీ నింపారు. ఈ సభ్యులెవరో, ఏం చేస్తారో, ఏం చేయరో ఒక్క ముక్క లేదు. తాను పరిశీలిస్తున్నానంటున్నవాళ్లని ఈ అభ్యర్థి ఒక్కరోజైనా దగ్గర కూర్చుని చూసినట్టు లేదు.' ఊఁ. గట్టిగానే పెట్టాడు. 'ఇది గుమ్మంలో నిలబడి...'"

ఆగాడు. నా వంక చూశాడు. మళ్లీ ఫోన్ వంక చూశాడు.

"'...గుమ్మంలో నిలబడి కూరలో ఉప్పు చెప్పే వ్యవహారం.'"

అక్క చేతిలో సగం మడిచిన దుప్పటి అలాగే ఉండిపోయింది.

"డాక్టరమ్మా," అన్నాడు బావ చాలా మెల్లగా, "ఈ కుళ్లుబోతు వెధవ మనింట్లోనే ఉంటాడు."

తన గొయ్యి తాను తవ్వుకున్నవాళ్లని చూశాను. తవ్వుకుని, అందులో పడి, ఎవడు తవ్వాడని ఊరంతా వినపడేలా తిట్టినదాన్ని నన్నొక్కదాన్నే చూశాను.

మర్నాడు ఉదయం మేడమ్ గదికి వెళ్లాను. వెళ్లేటప్పుడు దారంతా ఒక్కటే అనుకున్నాను: తప్పు మేడమ్‌ది. నా పేజీని నాకే గుర్తుపట్టరాకుండా చేసేశారు. ఆ భుజస్కంధాలూ, ఆ మూలాధారాలూ ఆవిడ పెట్టినవే. పెద్దావిడని మాట అనకూడదు గానీ అనాల్సిందే.

అన్నాను. మేడమ్ కోప్పడలేదు. కంప్యూటర్‌లో రెండు పేజీలు పక్కపక్కన తెరిచి నా వైపు తిప్పారు. ఎడమది నేను పంపింది, కుడిది ఆవిడ పెట్టింది.

"ఈ క్యాంపస్‌లో చీమలంటే నువ్వొక్కదానివే. ఆ మాట ఉంటే ఎవరి దరఖాస్తో తెలిసిపోతుంది. అందుకని 'చీమలు' తీసి 'సభ్యులు' పెట్టాను. 'పుట్ట' తీసి 'సంస్థ'. 'రాణి'కి 'అధిపతి', 'గుడ్లు' అన్నచోట 'భావి తరం'. అంతే. మిగతా అక్షరం ముట్టుకోలేదు."

ఎడమ పేజీ చదివాను. చీమలు "గుడ్ల బాధ్యతలను తమ భుజస్కంధాలపై" మోస్తున్నాయి.

"చీమకి భుజస్కంధాలు ఎక్కడివమ్మా?" అన్నారు మేడమ్. "నేను అప్పుడే అడుగుదామనుకున్నాను. నువ్వు చాలా బాగుందన్నావు."

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు నా నలుపు మొత్తం ఒక్క పేజీలో టైపు చేసి చూపించారు. ఐదేళ్లు నేను చూసిన చీమల్ని ఆ పేజీలోంచి తీసేస్తే నాది అనేది ఏమీ మిగల్లేదు. అసలు ఉన్నప్పుడు కూడా వాటికి అక్కడ పనేమీ లేదు. చాలా సిగ్గేసింది.

మేడమ్ నన్ను వెంటబెట్టుకుని ఫెలోషిప్‌ల ఆఫీసుకి తీసుకెళ్లారు. సంగతి అక్కడ తేలింది. దరఖాస్తుదారుల జాబితాలో నా పేరు ఉన్నా, పేజీ మేడమ్ లాగిన్ నుంచి వెళ్లింది కాబట్టి కంప్యూటర్ దాన్ని ఆవిడదే అనుకుంది. నాకు పంపకూడదని దానికి తెలియలేదు. సెక్షన్ ఆఫీసరు నిబంధనల పుస్తకం తీసి చూసి, ముందు నవ్వి, తర్వాత గాభరాపడి, కమిటీకి కబురు పెట్టారు.

కమిటీ అంటే పొడుగు బల్ల వెనక ఐదుగురు. మధ్యలో అధ్యక్షుడు, గణితం ప్రొఫెసరు. ఆయన ఎవరి మాటా మధ్యలో ఆపరని, అందుకే అందరూ ఆయన ముందు తొందరగా ముగిస్తారని పేరు.

"తమకి తాము మార్కులు వేసుకున్నవాళ్లు అనర్హులని ఇక్కడ నిబంధన ఉంది," అన్నారు సెక్షన్ ఆఫీసరు. "కానీ అది పదికి పది వేసుకునేవాళ్ల కోసం రాసింది సార్. నాలుగు వేసుకునేవాళ్లు ఉంటారని ఎవరూ అనుకోలేదు."

ఆఖరికి ఒక దారి దొరికింది. ఇచ్చేసిన రెండు ఫెలోషిప్‌లు ముట్టుకోరు. ఆఫీసు పొరపాట్ల కోసం ఒక రిజర్వు నిధి ఉందట, ఏళ్ల తరబడి ఎవరూ కదిలించకుండా ఊరికే పడి ఉందట. దాని మీద నాకు వెంటనే వల్లమాలిన అభిమానం కలిగింది. దాంట్లోంచి నాకు ఏడాది ఇవ్వొచ్చు. నేను చేయాల్సిందల్లా ఒక చిన్న కాగితం మీద సంతకం: ఆ అభిప్రాయం తొందరపాటులో రాసినది, అది నా నిజమైన అంచనా కాదు.

ఆఫీసరు కాగితం నా ముందు పెట్టారు. పెన్ను మూత కూడా తీసి పెట్టారు. మేడమ్ నా మోచేతిని మెల్లగా తట్టారు. ఆ తట్టడంలో "పెట్టెయ్" అన్నది స్పష్టంగా వినబడింది.

"ఒక్క నిమిషం," అన్నారు అధ్యక్షుడు. "ఆ దరఖాస్తు ఏమిటో నేను చదవలేదు. అమ్మా, కొంచెం పైకి చదువుతావా?"

చదివాను. మొదటి వాక్యం, రెండో వాక్యం. ఐదుగురూ మర్యాదగా వింటున్నారు. ఒకాయన ఆవలింత మింగారు. భుజస్కంధాల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే నచ్చలేదు. పేజీ పూర్తిచేసి పెన్ను తీసుకున్నాను. వెనక గది గుర్తొచ్చింది, ట్యుటోరియల్ కుర్చీ గుర్తొచ్చింది, దుప్పటి పట్టుకుని నిలబడ్డ అక్క గుర్తొచ్చింది. సంతకం పెట్టేస్తే అయిపోతుంది. ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఈ పేజీలోనే ఆరేడు రాశాను.

కానీ నేను దరఖాస్తుల కోసం ఇన్నేళ్లలో రాసిన వాటిల్లో నిజంగా నమ్మి రాసింది ఆ నాలుగు ముక్కలే. అవి కూడా నిజం కాదంటే ఇక నా దగ్గర ఏముంది?

"పెట్టలేను సార్," అన్నాను. "ఆ అభిప్రాయం కరెక్టే. నాలుగు కూడా ఎక్కువే."

మేడమ్ కళ్లు మూసుకున్నారు. ఆఫీసరు పెన్నుకి మూత పెట్టారు. నిండా మునిగాక చలేమిటన్నట్టు నేను నిలబడ్డాను. లోపల మాత్రం నన్ను నేను బావ గొంతుతో తిట్టుకుంటున్నాను.

"అయితే దగ్గర కూర్చుని చూడలేదా నువ్వు?" అన్నారు అధ్యక్షుడు.

"చూశాను సార్. చూసింది రాయలేదు."

"ఏం చూశావు?"

చెప్పాను. నా మొదటి పెట్టెలో ఒక చీమ ఉంది, వీపు మీద పచ్చచుక్క. దాన్ని నేను చూడటం మొదలుపెట్టినప్పటి నుంచీ అది నీళ్ల దూది వెనక మూలలోనే ఉంది. పక్కనించి మిగతావి గుడ్లు మోసుకుంటూ పోతుంటే కాలు కూడా జరిపేది కాదు. నా పుస్తకంలో దాని పేరు ఎదురుగా పేజీలకి పేజీలు 'ఏమీ లేదు' అనే ఉంది. ఒకసారి, పెద్ద ప్రయోగానికి ముందు చూసుకోవడానికని, పనిచేసే చీమల్ని తీసి వేరే గిన్నెలో పెట్టాను. పెట్టె లోపల గుడ్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చాలాసేపు ఏదీ కదల్లేదు. నేనిక లాభం లేదని లేవబోతుంటే పచ్చచుక్క లేచింది. తూలుతూ నడిచింది సార్, నడక మర్చిపోయినట్టు. ఒక గుడ్డు ఎత్తబోయి జారవిడిచింది. మళ్లీ ఎత్తింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. చివరికి రాణి పక్కన పెట్టి ఇంకోదాని కోసం వచ్చింది. దాని వెనక ఇంకోటి లేచింది.

"అప్పుడు నేను ఏడ్చాను సార్," అన్నాను. "అది దరఖాస్తులో రాయకూడదు కదా."

ఆవలింత మింగినాయన ముందుకు వంగి కూర్చున్నారు. అధ్యక్షుడు ఆ సంతకం కాగితాన్ని తిరగేసి ఖాళీ వైపు నా ముందుకి జరిపారు.

"ఇది రాసివ్వు. చీమని చీమ అనే రాయి. నీ పేరు దాచేదేముంది ఇక, ఊరంతా తెలిసిపోయింది. కొత్తగా ముగ్గురితో చదివిస్తాం. కాకపోతే సంతకం లేకుండా ఏడాది ఇవ్వలేను. వాళ్లు ఒప్పుకుంటే ఆరు నెలలు."

బయట వరండాలో బెంచీ మీద కూర్చుని రాశాను. ఒక్క మూలాధారం లేదు. భుజస్కంధం అసలే లేదు. పేజీలో సగమే నిండింది.

ఇంటికొచ్చి చెబితే అక్క వచ్చి పక్కన కూర్చుంది. బావ మాత్రం తల పట్టుకున్నాడు. "పెన్ను మూత తీసి చేతికిస్తే పెట్టలేదా? నీ నోటి దురుసు ఖరీదు ఆరు నెలలు డాక్టరమ్మా. అదీ వస్తే." అంతలోనే, "ఆ పచ్చచుక్కది నిజంగా తూలిందా?" అని అడిగాడు. నిజమన్నాను. "ఊఁ," అన్నాడు. "చాన్నాళ్లు ఆగిపోయిన లిఫ్టు కూడా మొదట కొంచెం కుదుపుతుంది." ఆ రోజు గుమ్మం మాట నేను ఎత్తలేదు.

పది రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు ఇచ్చారు. కింద ఒక షరతు: ఈ అభ్యర్థిని ఇకపై ఏ దరఖాస్తు సమీక్షకూ నియమించరాదు. బావ దాన్ని ఫ్రేము కట్టిస్తానన్నాడు.

ముగ్గురి అభిప్రాయాలు కూడా జతచేశారు. ఈసారి ముందు అవే చదివాను. మొదటిది దరఖాస్తు భాషలో ఉంది, పరిశీలనాత్మక దృక్పథాన్ని మెచ్చుకుంది. రెండోవారు ప్రయోగానికి కొన్ని జాగ్రత్తలు చెప్పారు, మంచివే. మూడోవారు మార్కు వేసి, పక్కన ఒకే వాక్యం రాశారు.

"ఆ పచ్చచుక్క చీమ ఇప్పుడెలా ఉంది?"

నా ఐదేళ్ల పని గురించి ఇంతవరకూ నన్నెవరూ అలా అడగలేదు. అక్క అడగలేదు, మేడమ్ అడగలేదు, ఏ అవార్డుల కమిటీ అడగలేదు. నేను అడిగేలా రాస్తే కదా. చెప్పులేసుకుని ల్యాబుకి పరిగెత్తాను.

పచ్చచుక్క నీళ్ల దూది వెనక, తన మూలలో ఉంది. పనిచేసే చీమల్ని నేను తిరిగి వదిలిన రోజే అది తన చోటికి వెళ్లిపోయింది. మీసం కూడా కదపడం లేదు. భూతద్దం తీసుకుని దాని ముందు కూర్చున్నాను, కళ్లు మసకగా ఉన్నా. కాసేపటికి పుస్తకం తెరిచి ఆ రోజు తేదీ వేసి, ఎప్పటిలాగే 'ఏమీ లేదు' అని రాయబోయి ఆగాను.

"కులాసా" అని రాశాను.